తెరచాప కింద కాపురం

నుకు హివా దీవి దక్షిణ ఒడ్డున తాయొహే అని ఒక రేవుంది. ఫ్రెంచ్ పాలినేషియాలోని మార్కెసాస్ దీవుల్లో పెద్ద ఊరంటే అదే. ఏప్రిల్, మే నెలల్లో ఆ రేవు నిండా తెరచాప పడవలు లంగరేసి ఉంటాయి. దూరం నుంచి చూస్తే కేలండర్ బొమ్మలా ఉంటుంది. నిట్టనిలువు పచ్చటి కొండలు, కింద నీలం నీళ్లు, వాటి మీద తెల్లటి పడవలు. దగ్గరికెళ్తే మాత్రం ఏ అపార్ట్‌మెంటు బాల్కనీయో గుర్తొస్తుంది. రెయిలింగు తీగలకి క్లిప్పులు పెట్టి ఆరేసిన పిల్లల నిక్కర్లు, బకెట్లో నానేసిన దుప్పటి, లోపల్నుంచి ఉల్లిపాయ వేగుతున్న వాసన, ఎక్కాలు అప్పజెప్పనని మొండికేస్తున్న ఒక పిల్ల గొంతు.

ఆ పిల్ల కుటుంబం పనామా నుంచి అక్కడికి చేరడానికి సుమారు 4,000 నాటికల్ మైళ్లు, అంటే 7,400 కిలోమీటర్ల నీళ్లు దాటింది. నలభై అడుగుల పడవ రోజంతా ఆగకుండా నడిచినా 130 నాటికల్ మైళ్లు పోతే మంచి రోజు కింద లెక్క. దారిలో ఎక్కడా ఆగకపోతే నెల రోజులు. మనిషి వేగంగా నడిస్తే ఎంతో, ఈ పడవ సగటు వేగం దానికి రెట్టింపు కూడా ఉండదు. ప్రపంచం చుట్టిరావడానికి ఇంత నిదానమైన బండిలో, పిల్లాపాపలతో, వంటపాత్రలతో బయల్దేరేవాళ్లు ప్రతి ఏటా ఉంటారు. అమెరికా, కెనడా, ఫ్రాన్స్, ఆస్ట్రేలియా, జర్మనీ, నెదర్లాండ్స్ వాళ్లు ఎక్కువ. ఉద్యోగం మానేసి, ఇల్లు అద్దెకిచ్చో అమ్మేసో, రెండు మూడేళ్లకి సరిపడా డబ్బు మూటగట్టుకుని వస్తారు. స్వేచ్ఛ కోసం వచ్చామంటారు. వాళ్ల రోజులు దగ్గర్నుంచి గమనిస్తే మాత్రం, ఊళ్లో ఉద్యోగం చేసుకునే కుటుంబం కంటే ఎక్కువ కట్టుబాట్ల మధ్యే బతుకుతున్నారని తెలుస్తుంది. తేడా ఏమిటంటే ఆ కట్టుబాట్లు పెట్టేది మేనేజరో స్కూలో కాదు. గాలి, నీళ్లు, బ్యాటరీ.

గాలి సంగతి ముందు. స్కూల్లో భూగోళం పాఠంలో వ్యాపార పవనాలని చదువుకున్నవే ఈ జీవితానికి ఆధారం. భూమధ్యరేఖకి పైన ఈశాన్యం నుంచి, కింద ఆగ్నేయం నుంచి అవి వీస్తుంటాయి. తూర్పు నుంచి పడమరకి వెళ్లేవాడికి వీపు మీద గాలి. అందుకే ఈ కుటుంబాలన్నీ దాదాపు ఒకే వైపు, పడమరకే పోతుంటాయి. కానరీ దీవుల నుంచి అట్లాంటిక్ దాటి కరీబియన్ దీవులకి సుమారు 2,700 నాటికల్ మైళ్లు, మూడు వారాల దారి. అక్కడి నుంచి పనామా కాలువ దాటితే పసిఫిక్. మార్కెసాస్, తువామోటు, తహితి, కుక్ దీవులు, టోంగా, ఫిజీ వరుసగా తగులుతాయి. ఈ దారికి నావికులు పెట్టుకున్న ముద్దుపేరు కోకోనట్ మిల్క్ రన్. ఇంగ్లీషులో మిల్క్ రన్ అంటే తేలికైన ప్రయాణం, కొబ్బరిచెట్ల దీవుల మీదుగా కాబట్టి కోకోనట్. గాలికి ఎదురు తిరిగి వెనక్కి రావడం ఎంత నరకమో తెలిసినవాళ్లు పెట్టిన పేరది. తెలుగులో ‘గాలివాటం’ అంటే ఒక లెక్కాపత్రం లేకుండా పోవడమని తేలిగ్గా అనేస్తాం. నిజంగా గాలివాటున బతికేవాడికి లెక్కే సర్వస్వం.

ఎందుకంటే ఆ గాలి ఏడాదంతా ఒకేలా ఉండదు. దక్షిణ పసిఫిక్‌లో నవంబరు నుంచి ఏప్రిల్ దాకా తుఫానుల కాలం. ఆ లోపల అక్కడ ఉండకూడదు. కాబట్టి ఫిబ్రవరి, మార్చిల్లో పనామా దాటాలి, మే నెలకి తువామోటు పగడపు దీవులు, జూలైకి తహితి, సెప్టెంబరుకి టోంగా, ఫిజీ, నవంబరు గడవకముందే దక్షిణంగా న్యూజిలాండ్ చల్లటి నీళ్లలోకి దిగిపోవాలి. బీమా కంపెనీలు కూడా పాలసీలో ఈ తేదీలు రాసే ఇస్తాయి. పిల్లకి ఒక దీవి నచ్చింది, అక్కడి పిల్లలతో స్నేహం కుదిరింది, ఇంకో నెల ఉందామంటే కుదరదు. కేలండర్ తోసేస్తూనే ఉంటుంది.

అట్లాంటిక్ వైపు తుఫాను కాలం జూన్ 1 నుంచి నవంబరు 30 దాకా. కరీబియన్‌లో ఉన్నవాళ్లు ఆ ఆరు నెలలూ దక్షిణానికి, గ్రెనడా వైపు జరిగిపోవడం ఆనవాయితీ. అంత కిందికి పెద్ద తుఫాన్లు రావడం అరుదని నమ్మకం. 2004లో ఐవన్ తుఫాను ఆ నమ్మకాన్ని ఒకసారి కొట్టింది. 2024లో బెరిల్ ఇంకా గట్టిగా కొట్టింది. సీజను మొదలైన నెలకే, జూలై 1న, గ్రెనడాకి చెందిన కారియాకూ దీవిని కేటగిరీ 4 తీవ్రతతో, అంటే అయిదు మెట్ల కొలతలో నాలుగో మెట్టుతో, తాకింది. ఆ దీవిలో టిరెల్ బే పక్కన మడ అడవి ఉంది. తుఫాను వస్తోందంటే పడవల్ని ఆ మడచెట్ల వేళ్ల మధ్యకి దూర్చి, దొరికిన ప్రతి తాడుతోనూ కట్టేసి, మనుషులు ఒడ్డెక్కి వెళ్లడం పాత పద్ధతి. బెరిల్ వెళ్లాక ఆ మడల్లో పడవలు ఒకదాని మీద ఒకటి పడి ఉన్నాయి. దివిసీమ వాళ్లకి, కోనసీమ వాళ్లకి ఈ దృశ్యం విడమర్చి చెప్పక్కర్లేదు. కాకపోతే ఇక్కడ కొట్టుకుపోయిన పడవే ఇల్లు, అందులోనే పిల్లల పుస్తకాలు, పుట్టిన తేదీ పత్రాలు, అన్నీ.

ఇక నీళ్లు. మన నగరాల్లో మనిషికి రోజుకి 135 లీటర్ల నీళ్లు సరఫరా చేయాలనేది ప్రభుత్వ ప్రమాణం. నలుగురున్న పడవలో 400 లీటర్ల ట్యాంకు ఉందనుకుందాం. నెల రోజుల దారికి భాగిస్తే తలకి రోజుకి మూడు లీటర్ల చిల్లర వస్తుంది. తాగడానికి, వండడానికి అంతే. గిన్నెలు సముద్రపు నీళ్లతో తోమి చివర్లో ఒక గ్లాసు మంచినీళ్లతో తొలుస్తారు. స్నానం వెనక మెట్ల మీద కూర్చుని సముద్రపు నీళ్లతోనే, ఆఖర్న ఒక చెంబు మంచినీళ్లు. వానొస్తే అందరూ సబ్బుతో పైకి పరిగెడతారు, ఎండ కోసం కట్టిన టార్పాలిన్ నుంచి గొట్టం పెట్టి ట్యాంకులోకి వదులుతారు. మొదట పడే వాన నీళ్లు ట్యాంకులోకి పోనివ్వకూడదు, గుడ్డ మీద పేరుకున్న ఉప్పు కడిగిపోవాలి. ఆ ఉప్పు పోయిందో లేదో నాలుక మీద వేసుకుని చెప్పే పని సాధారణంగా పిల్లలకి వస్తుంది.

ఇప్పుడు చాలా పడవల్లో సముద్రపు నీళ్లని మంచినీళ్లుగా మార్చే వాటర్‌మేకర్ ఉంటోంది. మన వంటింట్లో గోడకి తగిలించే ఆర్వో సూత్రమే. కాకపోతే వంటింటి ఆర్వోకి పల్చటి నీళ్లని తోయడానికి కొద్దిపాటి ఒత్తిడి చాలు, సముద్రపు ఉప్పుని విడగొట్టడానికి సుమారు 55 బార్లు, అంటే మన చుట్టూ ఉండే గాలి ఒత్తిడికి దాదాపు 55 రెట్లు కావాలి. అంత ఒత్తిడి పుట్టించే పంపు కరెంటు బాగా తాగుతుంది. కరెంటు సోలార్ పలకల నుంచి రావాలి. అందువల్ల ఆ ఇంట్లో ఒక విచిత్రమైన లెక్క నడుస్తుంది. మబ్బు పట్టిందా, ఈ రోజు బట్టలుతకడం లేదు. గాలి బాగుంది, ఎండ లేదు, ఆటోపైలట్ బ్యాటరీ తినేస్తోంది, కాబట్టి లాప్‌టాప్‌లో సినిమా లేదు. ఎనిమిదేళ్ల పిల్లాడు పొద్దున్నే లేచి బ్యాటరీ మీటరు చూసి, ఇవాళ పాన్‌కేకులకి మిక్సీ తిప్పొచ్చో లేదో చెబుతాడు. ఈ జీవితంలో పిల్లలకి దొరికే అసలు చదువు ఇదేననిపిస్తుంది. చేపల పేర్లూ దేశాల జెండాలూ పుస్తకంలోనూ నేర్చుకోవచ్చు. కుళాయి తిప్పితే వచ్చే నీళ్ల వెనక ఎంత పని ఉందో మన ఇళ్లలో గోడ కప్పేస్తుంది. పడవలో గోడ లేదు.

వంట గురించి కొంచెం ఆగి చెప్పాలి, ఎందుకంటే నడిసముద్రంలో సంసారం నిలబడేదీ కూలబడేదీ అక్కడే. పొయ్యి రెండు ఇరుసుల మీద ఊయలలా వేలాడుతుంటుంది. పడవ పక్కకి ఒరిగినా గిన్నె నిటారుగా ఉంటుంది. గిన్నె జారిపోకుండా చుట్టూ బిగించే చువ్వలుంటాయి. వండే మనిషి తూలి దాని మీద పడకుండా నడుముకి ఒక పటకా. ఇంత ఉన్నా మరిగే నీళ్లే పడవలో పెద్ద భయం, అందుకే వంట జరుగుతున్నప్పుడు చిన్నపిల్లల్ని ఆ దరిదాపులకి రానివ్వరు. ఇక్కడ మనకి ఆత్మీయమైన ఒక వస్తువు కనిపిస్తుంది. ప్రెషర్ కుక్కర్. తెల్లవాళ్ల ఇళ్లలో ఎప్పుడో అటకెక్కిన ఆ పాత్ర పడవల్లో మాత్రం రాజ్యమేలుతోంది. గ్యాసు ఆదా, వంటిల్లు వేడెక్కదు, అన్నిటికంటే ముఖ్యంగా మూత బిగించి ఉంటుంది కాబట్టి దొర్లినా ఒలకదు.

సరుకులకి కూడా ఒక శాస్త్రముంది. అట్టపెట్టెలు పడవలోకి తేకూడదు, మడతల్లో బొద్దింక గుడ్లుంటాయి. ఒడ్డునే విప్పి, సరుకులు మాత్రం లోపలికి. గుడ్లు కడగనివీ ఫ్రిజ్‌లో పెట్టనివీ కొనాలి. అలాంటివి కొన్ని రోజులకోసారి తిరగేస్తూ ఉంటే వారాల తరబడి బయటే నిలవుంటాయి. క్యాబేజీ, గుమ్మడి, ఉల్లి, బంగాళాదుంప దీర్ఘాయుష్మంతులు. అరటి గెల ఫొటోకి బాగుంటుంది కానీ అన్నీ ఒకేరోజు పండుతాయి, తర్వాత మూడు రోజులు పొద్దునా రాత్రీ అరటిపండే. ఆకుకూర అయిపోయాక పెసలు నానబెట్టి మొలకలు కడతారు. చేప దొరికితే పండగే, కానీ అందులోనూ మెలిక ఉంది. నడిసముద్రంలో పట్టిన ట్యూనా, మాహీమాహీ ఫర్వాలేదు. పగడపు దిబ్బల దగ్గర పెరిగిన పెద్ద చేపల్లో సిగువటేరా అనే విషం ఉండొచ్చు. అక్కడి సూక్ష్మమైన నాచు లాంటి జీవి నుంచి చిన్న చేపలకి, వాటి నుంచి పెద్ద చేపలకి పోగవుతూ వస్తుంది. ఎంత ఉడికించినా పోదు, రుచిలో తెలియదు. తిన్నవాళ్లకి చల్లటి వస్తువు ముట్టుకుంటే కాలినట్టుంటుంది. ఏ దిబ్బ చేప తినొచ్చో ఆ దీవివాళ్లని అడిగే తినాలి. ఒక దీవిలో మంచిదైన చేప పక్క దీవిలో కాకపోవచ్చు.

రాత్రి కాపలా ఇంకో కథ. పడవ రాత్రి ఆగదు, లంగరు వేయడానికి కింద నాలుగైదు కిలోమీటర్ల లోతు. ఎవరో ఒకరు మెలకువగా ఉండి ఓడల లైట్లూ గాలి మార్పూ చూస్తూ ఉండాలి. సాధారణంగా మూడు గంటలకొకరు. ఇద్దరు పెద్దవాళ్లున్న పడవలో ఇది బాగానే ఉంటుంది, చిన్నపిల్లలు లేనంతవరకూ. ఉంటే, రాత్రి పన్నెండు నుంచి మూడు దాకా కాపలా కాసిన తల్లి పొద్దున ఆరింటికి పిల్లలతో పాటు లేవాలి. పిల్లలకి కాపలా షిఫ్టులు తెలియవు కదా. అందుకే నావికులు ఒక మాట అంటారు, చంటిపిల్లలున్న జంట ప్రయాణిస్తే ఇద్దరూ చెరో ఒంటరి ప్రయాణం చేస్తున్నట్టే అని. మొదటి రెండు మూడు రోజులు అందరికీ కడుపులో తిప్పుతుంది, ఆ తర్వాత శరీరం అలవాటు పడుతుంది. నిద్ర లేమికి మాత్రం శరీరం అలవాటు పడదు. పడవలో జరిగే గొడవల్లో చాలా వాటికి మూలం సముద్రమూ కాదు, స్వభావమూ కాదు. ఇద్దరూ పదిహేను రోజులుగా నాలుగు గంటలకి మించి ఏకబిగిన నిద్రపోలేదు, అంతే.

ఆ గొడవలకి వెళ్లడానికి చోటు కూడా లేదు. కోపమొస్తే భూమ్మీద తలుపు ధడేల్మని వేసి వీధి చివరిదాకా నడిచి రావచ్చు. నలభై అడుగుల పడవలో ముందుకి పోయి కూర్చోవడమే. లంగరు వేసేటప్పుడు మొగుడూ పెళ్లాల అసలు పరీక్ష. ఒకరు వెనక చుక్కాని దగ్గర, ఒకరు ముందు గొలుసు దగ్గర. మధ్యలో ఇంజను చప్పుడు, గాలి. వెనక్కి అంటే ముందుకని వినపడుతుంది. చుట్టూ లంగరేసి ఉన్న పడవలవాళ్లు కాఫీ కప్పులతో బయటికొచ్చి ఈ వినోదం చూస్తుంటారు. దీనికోసం హెడ్‌ఫోన్‌లాంటి మైకులు అమ్ముతారు, నావికుల భాషలో వాటి ముద్దుపేరు మ్యారేజ్ సేవర్స్. సరదాకి పెట్టిన పేరే గానీ, అందులో ఒక నిజముంది. ఒడ్డున ఇద్దరూ సమానమని నడిచిన కాపురంలోకి సముద్రం మీద కెప్టెన్ అనే పదవి వచ్చి కూర్చుంటుంది. క్షణంలో నిర్ణయం తీసుకోవాల్సిన చోట ఒకరి మాటే చెల్లాలి. అది ఎవరిదన్నది బయల్దేరకముందే తేల్చుకోని జంటల్లో చాలా పడవలు మొదటి సీజను చివర్లోనే అమ్మకానికి వస్తాయి. భర్త కల, భార్య సర్దుబాటు అయిన చోట ఇది ఇంకా తొందరగా జరుగుతుంది.

ఒడ్డున ఉన్న తాతయ్యా అమ్మమ్మల భయాలు మాత్రం వేరే. వాళ్లకి తుఫాను, సొరచేప, సముద్రపు దొంగలు. అలాంటివి జరగలేదని కాదు. 1972 జూన్ 15న గలాపగోస్‌కి పడమటి వైపు లూసెట్ అనే చెక్క పడవని ఓర్కా తిమింగలాలు గుద్దితే నిమిషాల్లో మునిగిపోయింది. ఇంగ్లండులో వ్యవసాయం వదిలి పిల్లల్తో బయల్దేరిన రాబర్ట్‌సన్ కుటుంబం అది. తల్లిదండ్రులు, పెద్ద కొడుకు, కవల మగపిల్లలు, దారిలో ఎక్కిన ఒక కుర్రాడు, మొత్తం ఆరుగురు 38 రోజులు తేలుతూ గడిపారు. మొదట రబ్బరు తెప్పలో, అది చినిగిపోయాక డింగీలో, అంటే పెద్ద పడవ వెంట ఉండే చిన్న పడవలో. వాన నీళ్లు, తాబేళ్ల నెత్తురు, మాంసం మీద బతికారు. జపాన్ చేపల ఓడ చూసి ఎక్కించుకుంది. అప్పట్లో ఎవరికైనా కబురందించే సాధనమేదీ వాళ్ల దగ్గర లేదు. 2011 ఫిబ్రవరిలో హిందూ మహాసముద్రంలో ముగ్గురు పిల్లలున్న డెన్మార్క్ కుటుంబాన్ని సోమాలియా దొంగలు పట్టుకుపోయి సెప్టెంబరుదాకా వదల్లేదు. ఆ తర్వాత చాలా ఏళ్లు ఎర్ర సముద్రం దారి మానేసి ఆఫ్రికా కింద నుంచి చుట్టి వెళ్లిన పడవలే ఎక్కువ.

2014 ఏప్రిల్‌లో ఇంకో రకం గొడవ జరిగింది. మెక్సికో నుంచి పసిఫిక్‌లోకి బయల్దేరిన రెబెల్ హార్ట్ అనే 36 అడుగుల పడవలో మూడేళ్ల పాప, ఏడాది పాప ఉన్నారు. తీరానికి సుమారు 900 మైళ్ల దూరంలో చిన్నదానికి జ్వరం, ఒంటి మీద దద్దుర్లు, మందులకి తగ్గలేదు. పడవ కూడా చెడింది. అమెరికా నుంచి సహాయక దళం వాళ్లు నలుగురు పారాషూట్లతో నీళ్లలోకి దూకి పడవెక్కారు, తర్వాత నౌకాదళం ఓడ వచ్చి అందరినీ తీసుకెళ్లింది. పడవని ముంచేశారు. పాప కోలుకుంది. కానీ ఆ తల్లిదండ్రుల్ని జనం తిట్టిన తిట్లు అన్నీ ఇన్నీ కావు. పసిపిల్లల్ని సముద్రం మీదకి తీసుకెళ్లడం నేరమని ఒకరు, ప్రజల డబ్బుతో రక్షించాలా అని ఇంకొకరు. హైవే మీద కారులో పిల్లల్ని ముందు సీట్లో ఒళ్లో పెట్టుకుని వెళ్లేవాళ్లని ఎవరూ ఇంత నిలదీయరు. అయినా ఆ విమర్శలో కొట్టిపారేయలేని ముక్క ఒకటుంది. పెద్దవాడు తన ప్రాణం మీదకి తెచ్చుకునే హక్కు వేరు, ఏడాది పిల్ల తరఫున ఆ నిర్ణయం తీసుకోవడం వేరు. ఈ జీవితం ఎంచుకున్న ఏ కుటుంబమూ ఈ ప్రశ్నకి పూర్తిగా జవాబు చెప్పలేదు. కొంతమంది పిల్లకి మూడు నాలుగేళ్లొచ్చి, ఎక్కడ నొప్పో నోటితో చెప్పే వయసు వచ్చాకే పెద్ద సముద్రాలు దాటుతామని నియమం పెట్టుకుంటారు. వినడానికి తెలివైన నియమం.

అనుభవమున్నవాళ్లు నిజంగా భయపడేవి ఇంత గంభీరంగా ఉండవు. రేవులో డింగీ మోటారు ఫ్యాను, అందుకే నడిపేవాడు పడిపోతే మోటారు ఆగిపోయేలా చేతికో కాలికో కట్టుకునే తాడు. పగడపు రాయి గీరుకున్న చిన్న గాయం, ఉష్ణమండలపు తేమలో అది రెండ్రోజుల్లో చీము పడుతుంది. చెవిలో నీళ్లు. డెంగ్యూ. రాత్రి రెండింటికి గాలి తిరిగి లంగరు జారడం. ఈ చివరిదాని గురించి ప్రతి కుటుంబం దగ్గరా ఒక కథ ఉంటుంది. ఫోనులో అలారం మోగుతుంది, నిద్రకళ్లతో పైకొస్తే వెనక ఉండాల్సిన దిబ్బ పక్కన ఉంటుంది. ఒకరు ఇంజను, ఒకరు గొలుసు. పిల్లలకి ఇలాంటప్పుడు ఒకటే నియమం, మంచం దిగకూడదు. మంచం అంచుకి కట్టిన గుడ్డ, దొర్లి పడకుండా వేసేది, ఆ నిమిషాల్లో ఉయ్యాల గోడలా కాపాడుతుంది. పెద్దపిల్లలైతే టార్చి పట్టుకుని పక్క పడవలు ఎంత దూరమో అరిచి చెబుతారు. పన్నెండేళ్లవాడి మాట మీద ఆధారపడి తండ్రి చుక్కాని తిప్పుతాడు. మన ఇళ్లలో ఆ వయసువాణ్ణి పాలప్యాకెట్ తెమ్మని పంపడానికి కూడా ఆలోచిస్తాం.

చదువు మాటకొస్తే, భోజనాల బల్లే బడి. ఫ్రాన్స్ కుటుంబాలకి ఒక సదుపాయముంది. 1939లో మొదలైన సీఎన్‌ఈడీ అనే ప్రభుత్వ దూరవిద్యా సంస్థ పాఠాలు పంపి, జవాబు పత్రాలు దిద్దుతుంది. అమెరికావాళ్లు ఇంటి చదువుకి అలవాటైన జనం కాబట్టి తలో సిలబస్ తెచ్చుకుంటారు. జర్మనీలో పిల్లలు బడికి వెళ్లి తీరాలని చట్టం, అక్కడి కుటుంబాలు అనుమతి కోసమో నివాసం రద్దు కోసమో కాగితాల చుట్టూ తిరిగి బయటపడతాయి. పొద్దున రెండు మూడు గంటలు చదివితే బడిలో రోజంతా అయ్యేంత అవుతుందని తల్లులంటారు. అది నిజమే. ఆ రెండు గంటలూ కూర్చోబెట్టడానికి ఇంకో రెండు గంటలు పడుతుందని కూడా వాళ్లే అంటారు. టీచరు తిడితే అమ్మ దగ్గర ఏడవొచ్చు, అమ్మే టీచరైతే ఏడవడానికి నాన్న ఒక్కడే, ఆయన ఇంజను కింద నూనె మరకలతో పడుకుని ఉంటాడు.

ఈ పిల్లల్లో ఎంత దాకా వెళ్లొచ్చో చూపించిన అమ్మాయి లారా డెక్కర్. తల్లిదండ్రులు ప్రపంచయాత్రలో ఉండగా 1995లో న్యూజిలాండ్‌లోని ఫాంగరేలో పుట్టి, మొదటి ఏళ్లు పడవలోనే పెరిగింది. పదమూడేళ్లకే ఒంటరిగా ప్రపంచం చుట్టొస్తానంది. నెదర్లాండ్స్ పిల్లల సంరక్షణ అధికారులు కోర్టుకెళ్లి ఆపారు. చివరికి 2010లో కోర్టు వదిలేసింది. 2012 జనవరి 21న సెయింట్ మార్టెన్ దీవిలో యాత్ర పూర్తి చేసేనాటికి ఆమెకి పదహారేళ్లు. పెంపకం గొప్పదనమని కొందరు, తల్లిదండ్రుల పిచ్చి పిల్లకి అంటిందని కొందరు. ఏదైనా, పిల్లల విషయంలో ప్రభుత్వం గీత ఎక్కడ గీయాలన్న చర్చ యూరప్‌లో ఆ అమ్మాయి వల్ల ఊపందుకుంది.

పడవ పిల్లల నిజమైన కష్టం చదువు కాదు, స్నేహాలు. పిల్లలున్న పడవలు ఒకదాన్నొకటి వెతుక్కుంటూ తిరుగుతాయి. రేడియోలో ఫలానా రేవులో పదేళ్ల ఆడపిల్ల ఉన్న పడవ ఉందట అని తెలిస్తే రెండు రోజుల దారి మళ్లించుకుని వెళ్లే తల్లిదండ్రులున్నారు. బహామాస్‌లో జార్జ్ టౌన్ రేవు చలికాలంలో ఇలాంటి పడవలకి పెద్ద అడ్డా. వందల పడవలు, ఇసుక మీద వాలీబాల్, పిల్లల గుంపులు డింగీలు వేసుకుని పడవ పడవకీ తిరగడం. అక్కడ పిల్లల స్నేహాల్లో మొహమాటపు దశ ఉండదు. కలిసిన పావుగంటకి ఒకే తాడుకి వేలాడుతూ నీళ్లలో దూకుతుంటారు, వయసు తేడా, భాష తేడా పట్టించుకోరు. ఎన్ని రోజులుంటారని మొదటే అడిగేస్తారు. వారమైతే వారానికి సరిపడా ఆట. ఒక పడవ లంగరెత్తి వెళ్లిపోతుంటే మిగతా పిల్లలు డింగీల్లో కొంతదూరం వెంట వెళ్లి చేతులూపి వెనక్కి వస్తారు. తల్లిదండ్రులు దీన్ని సర్దుబాటు గుణం అని మెచ్చుకుంటారు. పదమూడు పద్నాలుగేళ్లొచ్చాక పిల్లలు దీన్ని వేరే పేరుతో పిలుస్తారు. ఆ వయసులో వారం స్నేహం చాలదు, అమ్మానాన్నల ముందు ఇరవై నాలుగ్గంటలూ ఉండటం అసలే నచ్చదు. కుటుంబ యాత్రలు చాలావరకు ఆ వయసు దగ్గరే ముగుస్తాయి, డబ్బు అయిపోవడం వల్ల ముగిసేవి పోగా.

డబ్బు గురించి ఒక్క లెక్క చాలు. పడవ ఖరీదులో పదో వంతు ప్రతి ఏటా మరమ్మతులకి పోతుందన్నది అందరూ చెప్పే మాట. ఉప్పుగాలి దేన్నీ వదలదు. అందమైన చోట్ల పడవ రిపేరు చేసుకోవడమే ఈ యాత్ర అని వాళ్లలో వాళ్లకి ఒక జోకు. ఈమధ్య స్టార్‌లింక్ ఉపగ్రహ ఇంటర్నెట్ వచ్చాక నడిసముద్రం నుంచే ఉద్యోగం చేసుకునేవాళ్లు పెరిగారు. దానితో ఒకటి వచ్చింది, ఒకటి పోయింది. పొద్దున్నే అందరూ రేడియో దగ్గర చేరి, ఎవరు ఎక్కడున్నారు, గాలెలా ఉంది, ఎవరికి ఏ స్పేరు పార్టు కావాలి అని మాట్లాడుకునే అలవాటు పల్చబడుతోంది. ఒక్కో పడవా తన వైఫైలో తానుంటోంది.

డబ్బు కంటే గట్టి విషయం పాస్‌పోర్టు. అమెరికా పాస్‌పోర్టు ఉన్న కుటుంబం తాయొహేలో దిగి కాగితాలు నింపితే 90 రోజులు ఉండొచ్చు. భారతీయ పాస్‌పోర్టుతో వచ్చేవాళ్లు ముందే వీసా చేతిలో పెట్టుకుని, గాలి మీద ఆధారపడిన ప్రయాణానికి తేదీలు రాసిచ్చి రావాలి. మనవాళ్లకి సముద్రం చేతకాక కాదు. 2017 సెప్టెంబరు 10న గోవా నుంచి బయల్దేరి 254 రోజుల్లో ప్రపంచం చుట్టొచ్చిన నౌకాదళం తెరచాప పడవ తారిణిలోని ఆరుగురు మహిళల్లో విశాఖపట్నం స్వాతి, హైదరాబాద్ ఐశ్వర్య ఉన్నారు. వాళ్ల వెనక ఒక ప్రభుత్వం ఉంది. సొంత ఖర్చుతో పిల్లల్ని తీసుకుని వెళ్లే కుటుంబం వెనక ఉండేది ఆ చిన్న పుస్తకమే. 2020 మార్చిలో దాని విలువ అందరికీ ఒకేసారి తెలిసింది. కోవిడ్ వల్ల దేశాలు సరిహద్దులు మూసేసేనాటికి చాలా పడవలు పనామాకీ మార్కెసాస్‌కీ మధ్య నీళ్ల మీద ఉన్నాయి. బయల్దేరినప్పుడు తెరిచి ఉన్న రేవు చేరేసరికి మూసి ఉంది.

పడవలో పిల్లల్ని పెంచడం కొత్త విడ్డూరమేమీ కాదన్నది కూడా ఇక్కడే గుర్తు చేసుకోవాలి. అండమాన్ సముద్రంలో మోకెన్ అనే తెగవాళ్లు తరతరాలుగా పడవల్లోనే కాపురాలు చేశారు. వాళ్ల పిల్లలు నీళ్ల కింద కళ్లు తెరిచి యూరప్ పిల్లల కంటే రెట్టింపు స్పష్టంగా చూడగలరని 2003లో స్వీడన్ పరిశోధకులు ప్రచురించారు. 2004 సునామీ రోజు సముద్రం వెనక్కి పోవడం చూసి, పెద్దలు చెప్పిన కథలు గుర్తొచ్చి, థాయ్‌లాండ్ సురిన్ దీవుల్లో వాళ్లు గుట్ట ఎక్కి బతికారు. వాళ్లలో చాలామందికి ఇప్పటికీ ఏ దేశ పౌరసత్వమూ లేదు. ఒడ్డున స్థిరపడమని ప్రభుత్వాలు వాళ్లకి చెబుతున్న కాలంలోనే, ఒడ్డు వదిలి పడవెక్కిన డబ్బున్న కుటుంబాలు అదే సముద్రంలో లంగరేసి ఫొటోలు దిగుతుంటాయి.

ఫిజీ చేరాక ఈ కుటుంబాలకి ఎదురయ్యే లోకం మనకి కొంచెం తెలిసిందే. సవుసవులో కాగితాల పని అయ్యాక బజారుకెళ్తే వంకాయలు, బెండకాయలు, కరివేపాకు, పసుపు. అమ్మేవాళ్లలో చాలామంది 1879 నుంచి 1916 దాకా చెరకు తోటల్లో పనికి ఓడల్లో తెచ్చిన భారతీయుల మనవలు, మునిమనవలు. 1903 నుంచి మద్రాసు రేవు మీదుగా వచ్చినవాళ్లలో తెలుగువాళ్లూ ఉన్నారు. నెలల తరబడి డబ్బా కూరలు తిన్న పడవ పిల్లలు అక్కడ రోటీ, పప్పు, మామిడికాయ పచ్చడి చూసి ఎగబడతారు. చిన్న దీవులకి వెళ్తే ఇంకో మర్యాద. లంగరేయగానే ఊరి పెద్ద దగ్గరికి కావా వేళ్ల కట్ట, అక్కడివాళ్లు నూరి పానీయంగా తాగేది, తీసుకెళ్లి ముందు పెట్టి, చేతులు కట్టుకుని కూర్చోవాలి. దాన్ని సెవుసెవు అంటారు. ఆయన స్వీకరిస్తే ఆ ఊరి నీళ్లలో ఈదడానికి, దిబ్బ మీద చేప పట్టడానికి అనుమతి దొరికినట్టు. పిల్లలు టోపీ తీసి, మోకాళ్లు కప్పే బట్ట చుట్టుకుని, ఒక గంట కదలకుండా కూర్చుంటారు. బల్ల దగ్గర లెక్కలకి పావుగంట కూర్చోని పిల్లలే.

అక్టోబరు చివర్లో, నవంబరులో పడవలు ఒక్కొక్కటే న్యూజిలాండ్‌లోని ఓపువాకి బయల్దేరతాయి. వారం, పది రోజుల దారి, చలిగాలి, ముందెప్పుడో మడిచి పెట్టిన స్వెటర్లు బయటికొస్తాయి. ఆ దేశం తాజా పళ్లు, కూరగాయలు, తేనె, గుడ్లు, మాంసం దేన్నీ ఒడ్డుకి రానివ్వదు. పడవ అడుగున నాచు ఉన్నా ఒప్పుకోదు. అందుకని చేరడానికి ముందురోజు పడవలో పెళ్లివారి వంటంత వంట జరుగుతుంది. మిగిలిన గుడ్లన్నీ ఆమ్లెట్లు, తేనె సీసా అడుగుదాకా నాకేస్తారు, ఆఖరి క్యాబేజీ వేపుడు. పొద్దున్నే ఒడ్డుకి ఆనించి కట్టాక అధికారులు సంచులతో వచ్చి అలమరాలు వెతికి, మొలకల కోసం దాచిన పెసలు కూడా పట్టుకుపోతారు. ఫాంగరే షెడ్లలో, నోటీసు బోర్డుల మీద అమ్మకానికి పెట్టిన పడవల కాగితాలు అప్పటికే అంటించి ఉంటాయి. సోలార్ ఎన్ని వాట్లు, వాటర్‌మేకర్ గంటకి ఎన్ని లీటర్లు, కొత్త తెరచాప ఏ ఏడాదిది అన్నీ రాసి, కింద ఇంకో వరుస ఉంటుంది: పిల్లల మంచాలు రెండు, అంచు గుడ్డలతో సహా.